స్కాన్ నివేదికలో వందల కొద్దీ పాత లోపాలు: దేన్ని ముందు సరిదిద్దాలి, యాజమాన్యానికి ఎలా చెప్పాలి?

మూడోషిఫ్ట్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను ఒక మధ్యతరహా తయారీ సంస్థలో నెట్‌వర్క్, సర్వర్ల బాధ్యత చూస్తున్నాను. మా విభాగంలో ఉన్నది ఇద్దరమే. సుమారు 300 కంప్యూటర్లు, పదిహేను సర్వర్లు, రెండు గోదాములు, వాటిని కార్యాలయంతో కలిపే వీపీఎన్, ఇదీ మా పరిధి. మా పెద్ద ఖాతాదారు ఒకరు ఒప్పందాన్ని పొడిగించే ముందు నెట్‌వర్క్ భద్రతా పరీక్ష చేయించుకోవాలని షరతు పెట్టడంతో బయటివారి చేత స్కాన్ చేయించాం. 212 పేజీల నివేదిక వచ్చింది. అందులో 1,400 పైచిలుకు లోపాలు ఉండగా, 90కి పైగా ఎర్ర రంగులో 'క్రిటికల్' అని గుర్తించి ఉన్నాయి.

వాటిలో కొత్తగా బయటపడిన లోపం ఒక్కటీ లేదు. పాత ఫైల్ షేరింగ్ పద్ధతి అయిన ఎస్ఎంబీ మొదటి వెర్షన్ చాలా యంత్రాల్లో ఇంకా నడుస్తోంది. స్విచ్‌లలో కొన్నింటికి ఫ్యాక్టరీ పాస్‌వర్డే ఉంది. నెట్‌వర్క్ పరికరాలను దూరం నుంచి గమనించే ఎస్ఎన్ఎంపీ అనే పద్ధతికి 'పబ్లిక్' అన్న పదమే తాళంచెవి. వీపీఎన్ గేట్‌వే ఫర్మ్‌వేర్ రెండేళ్లుగా మార్చలేదు. ఒక సర్వర్‌లో, దూరం నుంచి దాన్ని తెరిచి వాడుకునే రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389 నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంది. లేబుల్ ముద్రించే యంత్రానికి కట్టిన కంప్యూటర్ ఇప్పటికీ విండోస్ 7 మీద నడుస్తోంది. లోపలి వెబ్ పేజీలు టీఎల్ఎస్ 1.0 అనే పాత ఎన్‌క్రిప్షన్ పద్ధతిని అంగీకరిస్తున్నాయి.

నివేదిక చూసి మా డైరెక్టర్ గారు అడిగిన మాట ఇది: "ఇవన్నీ ఏళ్ల తరబడి ఉన్నవే అంటున్నారు, ఇన్నాళ్లూ ఏమీ కాలేదు కదా, మనలాంటి సంస్థ మీద పనిగట్టుకుని దాడి చేసేదెవరు?" భయపెట్టడం తప్ప సూటిగా చెప్పగలిగే సమాధానం నా దగ్గర లేకపోయింది. పాత లోపాల వల్ల వ్యాపారానికి నిజంగా ఎంత ముప్పు ఉంటుంది, ఇద్దరు మనుషులతో ఈ జాబితాను ఎక్కడ మొదలుపెట్టాలి, యాజమాన్యానికి అర్థమయ్యే భాషలో ఎలా చెప్పాలి అన్న మూడు విషయాల్లో అనుభవజ్ఞుల సలహా కోరుతున్నాను.

పాతకేబుల్ సమాధానం

మూడోషిఫ్ట్ గారూ, మీ డైరెక్టర్ గారు అడిగింది న్యాయమైన ప్రశ్నే, అయితే అందులో ఒక మెలిక ఉంది. లోపం పాతబడే కొద్దీ ముప్పు తగ్గుతుందని ఆయన అనుకుంటున్నారు. నిజానికి జరిగేది అందుకు విరుద్ధం. తయారీదారు ప్యాచ్, అంటే లోపాన్ని సరిదిద్దే అప్‌డేట్ విడుదల చేసిన రోజున, పాత ఫైలుకూ కొత్త ఫైలుకూ తేడా పోల్చి చూసుకునే అవకాశం లోకమంతటికీ వస్తుంది. ఏ వరుసలో ఏ తనిఖీ కొత్తగా చేరిందో చూస్తే, అంతకుముందు ఏ తనిఖీ లేదో తెలిసిపోతుంది. ఆ తర్వాత ఎవరో దాన్ని వాడుకునే ప్రోగ్రామ్ రాస్తారు, అది చేతులు మారుతుంది, కొంతకాలానికి దాన్ని నడపడానికి నైపుణ్యం కూడా అక్కర్లేదు. ఎవరికీ తెలియని లోపాన్ని వాడాలంటే దాడి చేసేవారికి ఖర్చు ఎక్కువ. అందరికీ తెలిసిన లోపాన్ని వాడడానికి ఖర్చు దాదాపు లేదు కాబట్టి, ఎవరి మీద వాడాలి అని ఎంచుకోవలసిన పని కూడా వారికి ఉండదు.

మీ నివేదికలో ఉన్న ఎస్ఎంబీ విషయమే చూడండి. మైక్రోసాఫ్ట్ అందులోని ఒక లోపానికి 2017 మార్చి 14న ఎంఎస్17-010 పేరుతో ప్యాచ్ ఇచ్చింది. ఆ లోపాన్ని వాడుకునే 'ఎటర్నల్‌బ్లూ' అనే సాధనాన్ని ఏప్రిల్ 14న షాడో బ్రోకర్స్ అనే ముఠా బయటపెట్టింది. మే 12న, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ పురుగు వాన్నాక్రై మొదలైంది. అంటే ప్యాచ్ వచ్చి దాదాపు రెండు నెలలైన తర్వాత 150కి పైగా దేశాల్లో 2 లక్షలకు మించిన కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవలకు చెందిన 236 ట్రస్టుల్లో కనీసం 80 ఇబ్బంది పడ్డాయి. ఆ ఆసుపత్రుల మీద ఎవరికీ కక్ష లేదు. పురుగు తనంతట తానే, ఎస్ఎంబీ వాడే 445వ పోర్టు తెరిచి ఉన్న యంత్రాలను వెతుక్కుంటూ పోయింది, అంతే.

తర్వాతి నెల, జూన్ 27న వచ్చిన నాట్‌పెట్యా అనే మరో పురుగు మీ డైరెక్టర్ గారికి ఇంకా బాగా పనికొచ్చే ఉదాహరణ. అది ఉక్రెయిన్‌లో వాడే ఒక లెక్కల సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ద్వారా ప్రవేశించింది. మేర్స్క్ నౌకా రవాణా సంస్థ దాని గురి కాదు, దారిలో తగిలింది. దాదాపు 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు, 2,500 అప్లికేషన్లు పది రోజుల్లో మళ్లీ మొదటి నుంచి ఎక్కించుకోవలసి వచ్చిందని ఆ సంస్థ అధ్యక్షుడే తర్వాత బహిరంగంగా చెప్పారు. నష్టం 25 నుంచి 30 కోట్ల డాలర్లని సంస్థ ప్రకటించింది. నాట్‌పెట్యాలో గమనించవలసిన సాంకేతిక అంశం ఒకటి ఉంది. అది ఎటర్నల్‌బ్లూను వాడడంతో ఆగకుండా, చిక్కిన యంత్రపు మెమరీలో ఉన్న అడ్మినిస్ట్రేటర్ల పాస్‌వర్డ్ వివరాలను దొంగిలించి, వాటితో ప్యాచ్ వేసిన యంత్రాల్లోకి కూడా మామూలు లాగిన్ లాగానే వెళ్లింది. కాబట్టి 300 యంత్రాల్లో 299కి ప్యాచ్ వేశామన్న లెక్క నెట్‌వర్క్ విషయంలో పూర్తి ధైర్యాన్నివ్వదు. మీ లేబుల్ యంత్రపు కంప్యూటర్‌లో ఎవరైనా డొమైన్ అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో, అంటే అన్ని యంత్రాల మీదా అధికారం ఉన్న ఖాతాతో లాగిన్ అయి ఉంటే, ప్రమాదం ఆ ఒక్క యంత్రానిది కాదు.

ఇక అమెరికాలో ప్రజల రుణ చరిత్రలు నమోదు చేసే ఈక్విఫాక్స్ సంస్థ సంగతి. దీన్ని కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే ప్యాచ్ వేయకపోవడం అనేది ఒక్కరి బద్ధకం కాదని ఇది చూపిస్తుంది. వెబ్ అప్లికేషన్లు కట్టడానికి వాడే అపాచీ స్ట్రట్స్‌లోని సీవీఈ-2017-5638 అనే లోపం (బయటపడిన లోపాలకు ఇచ్చే గుర్తింపు సంఖ్యే సీవీఈ) 2017 మార్చిలో వెల్లడైంది, ప్యాచ్ కూడా వెంటనే వచ్చింది. సంస్థ తన సిబ్బందికి ప్యాచ్ వేయమని సందేశం పంపింది. కానీ ఆ సందేశం వెళ్లే చిరునామాల జాబితా పాతది కావడంతో, చేయవలసిన వారికి అది అందలేదు. వారం తర్వాత స్కాన్ కూడా చేశారు. సంస్థ వెబ్ పోర్టల్‌లో ఉన్న ఆ లోపం ఆ స్కాన్‌కు కనిపించలేదు. మే నెల మధ్యలో చొరబాటుదారులు లోపలికి వచ్చి, జులై 29 దాకా డేటాబేస్‌లను తిరగేశారు. లోపలి రాకపోకలను విప్పి తనిఖీ చేసే పరికరం ఉండనే ఉంది, దాని డిజిటల్ సర్టిఫికెట్ గడువు నెలల కిందటే తీరిపోవడంతో ఎన్‌క్రిప్ట్ అయిన సమాచారాన్ని అది చూడకుండానే వదిలేసింది. సర్టిఫికెట్ మార్చగానే అనుమానాస్పద రాకపోకలు కనిపించాయి. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని మనం సామెతగా అంటాం, ఇక్కడ కుక్క మెలకువగానే ఉంది, కళ్లకు గంతలు కట్టి ఉన్నాయి. సుమారు 14 కోట్ల 70 లక్షల మంది వివరాలు పోయాయి. 2019లో కుదిరిన పరిష్కారం కింద సంస్థ కనీసం 57.5 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది.

ఇందులో మీకు పనికొచ్చేది ఆ మొత్తం కాదు, ఆ చిరునామాల జాబితా. మీ దగ్గర ఉన్న ప్రతి యంత్రానికీ బాధ్యుడెవరో రాసిన జాబితా ఉందా? లేకపోతే 212 పేజీల నివేదికను పక్కన పెట్టి ముందు అది తయారుచేయండి.

గుమ్మందీపం సమాధానం

పాతకేబుల్ గారు చెప్పినదానితో ఏకీభవిస్తూ, రెండో ప్రశ్న మీద, అంటే వరుసక్రమం మీద రాస్తున్నాను.

నివేదికలోని ఎర్ర రంగును నమ్ముకుని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టకండి. ఆ రంగు సీవీఎస్ఎస్ అనే 0 నుంచి 10 వరకు ఉండే కొలమానం నుంచి వస్తుంది. లోపం తనంతట తాను ఎంత తీవ్రమైనదో అది చెబుతుంది కానీ, ఆ లోపం ఉన్న యంత్రం మీ నెట్‌వర్క్‌లో ఎక్కడ ఉంది, దాని వెనుక ఏముంది అన్నది దానికి తెలియదు. గదిలో మూలన, బయటి సంబంధం లేని పరీక్షా యంత్రంలో 9.8 ఉన్న లోపం కంటే, ఇంటర్నెట్‌కు ఎదురుగా నిలబడిన వీపీఎన్ గేట్‌వేలో 7.5 ఉన్న లోపం మీ జీతాల చెల్లింపును ఆపగలదు. 1999లో మొదలైన సీవీఈ జాబితాలో ఇప్పటికి 2 లక్షలకు పైగా లోపాలు నమోదయ్యాయి, అందులో అసలు దాడుల్లో వాడినవి కొద్ది భాగమే. అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా 2021 నవంబరు నుంచి, నిజంగా వాడుతున్నట్టు తేలిన లోపాలను మాత్రమే 'కేఈవీ' పేరుతో ఒక ప్రత్యేక జాబితాగా ప్రచురిస్తోంది. అది ఉచితం, ఎవరైనా దింపుకోవచ్చు. మీ 1,400 లోపాల సీవీఈ సంఖ్యలను ఆ జాబితాతో సరిచూడండి. ఎక్సెల్‌లో అరగంట పని. మిగిలేవి పదుల్లో ఉంటాయని నా అంచనా. అయితే ఫ్యాక్టరీ పాస్‌వర్డ్, తెరిచి ఉంచిన పోర్టు వంటి వాటికి సీవీఈ సంఖ్య ఉండదు. అవి ఈ వడపోతలో జారిపోతాయి కాబట్టి వాటిని చేత్తో విడిగా రాసుకోవాలి.

ఆ మిగిలినవాటిలో కూడా ముందు గుమ్మం దగ్గరివి, అంటే ఫైర్‌వాల్, వీపీఎన్ గేట్‌వే, మెయిల్ సర్వర్, ఫైళ్లు పంపుకునే సర్వర్. గత కొన్నేళ్లుగా పెద్ద దాడుల్లో చాలావాటిలో కంచే చేను మేసింది. రక్షణ కోసం కొని గుమ్మంలో పెట్టిన పెట్టెలోనే లోపం ఉండడం, ఆ పెట్టెలో యాంటీవైరస్ నడిచే వీలు లేకపోవడం, దాని లాగ్‌లు ఎవరూ చూడకపోవడం, ఈ మూడూ కలిసి దాన్ని దాడి చేసేవారికి అనువైన చోటుగా మార్చాయి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. ప్యాచ్ వేయడంతో లోపం మూతపడుతుంది, అంతకుముందే పోయినది తిరిగి రాదు. ఫోర్టినెట్ అనే సంస్థ తయారుచేసే వీపీఎన్‌లలోని సీవీఈ-2018-13379కు 2019లోనే సరిదిద్దిన ఫర్మ్‌వేర్ వచ్చింది. 2021 సెప్టెంబరులో సుమారు 87,000 పరికరాలకు చెందిన లాగిన్ వివరాలు ఇంటర్నెట్‌లో పెట్టేశారు. ఆ పరికరాల్లో కొన్నింటికి ఈలోగా ప్యాచ్ వేసి ఉండవచ్చని, అయినా పాస్‌వర్డ్‌లు మార్చకపోతే ముప్పు అలాగే ఉంటుందని తయారీ సంస్థే హెచ్చరించింది. 2023 అక్టోబరులో సిట్రిక్స్ సంస్థ గేట్‌వేలలో బయటపడిన 'సిట్రిక్స్ బ్లీడ్' అనే లోపం ఇంకా చిత్రమైనది. ఆ లోపం వల్ల గేట్‌వే మెమరీ నుంచి, అప్పటికే లాగిన్ అయి ఉన్నవారి సెషన్ టోకెన్, అంటే లాగిన్ అయ్యారని గుర్తుపట్టే రహస్య సంకేతం, బయటికి వచ్చేది. అది చేతికి చిక్కితే పాస్‌వర్డ్ అడగదు, ఫోన్‌కు వచ్చే రెండో ధ్రువీకరణ కూడా అడగదు, ఎందుకంటే ఆ రెండూ అసలు వ్యక్తి అప్పటికే పూర్తి చేసి ఉంటారు. ప్యాచ్ వేసి, నడుస్తున్న సెషన్లను తెంచకుండా వదిలేసిన చోట్ల పాత టోకెన్‌తో లోపలికి రావడం ప్యాచ్ తర్వాత కూడా సాధ్యమైంది. మీ గేట్‌వే రెండేళ్లుగా అప్‌డేట్ లేకుండా ఉంది కాబట్టి, ఫర్మ్‌వేర్ మార్చిన రాత్రే సెషన్లన్నీ తెంచడం, వీపీఎన్ వాడేవారందరి పాస్‌వర్డ్‌లూ మార్పించడం, గేట్‌వేలో మీకు తెలియని అడ్మిన్ ఖాతా ఏదైనా ఉందేమో చూడడం, ఈ మూడింటినీ అదే పనిలో భాగంగా లెక్కవేసుకోండి.

రెండో దశ ధ్రువీకరణ లేని పాత వీపీఎన్ ఖాతాల గురించి ఒక మాట. 2021 మేలో రాన్సమ్‌వేర్ దాడికి గురైన అమెరికా ఇంధన రవాణా సంస్థ కలోనియల్ పైప్‌లైన్‌లోకి చొరబాటు జరిగింది అలాంటి ఖాతా ద్వారానే. వాడకంలో లేదనుకున్న ఖాతా అది, పాస్‌వర్డ్ మాత్రం క్లిష్టమైనదేనని ఆ సంస్థ అధిపతి అమెరికా సెనేట్ ముందు చెప్పారు. రాన్సమ్‌వేర్ తగిలింది కార్యాలయపు కంప్యూటర్లకు, ముందుజాగ్రత్తగా ఆపినది ఇంధనం పంపే గొట్టాన్ని. 75 బిట్‌కాయిన్లు, అంటే అప్పటి విలువలో సుమారు 44 లక్షల డాలర్లు చెల్లించారు. అందులో చాలా భాగాన్ని తర్వాత అమెరికా న్యాయ శాఖ స్వాధీనం చేసుకోగలిగింది, కానీ ఆగిపోయిన రోజులను ఎవరూ తిరిగి ఇవ్వలేరు కదా.

టీఎల్ఎస్ 1.0 గురించి ఇప్పుడే కంగారు పడకండి. అది 2021లో అధికారికంగా పక్కకు పెట్టిన పద్ధతే, తీసేయవలసినదే. అయినా లోపలి పేజీల్లో దాన్ని వాడుకుని దాడి చేయాలంటే ముందే నెట్‌వర్క్ లోపల ఉండాలి. అది మూడో నెల పని.

రెండోప్లాంటు సమాధానం

పైన ఇద్దరూ చెప్పింది సరైనదే, అయితే ఉత్పత్తి జరిగే చోట పనిచేసే మనిషిగా ఒక అభ్యంతరం నమోదు చేస్తున్నాను. ప్యాచ్ వేయడం వల్ల కూడా వ్యాపారం ఆగుతుంది. కొన్నేళ్ల కిందట మా దగ్గర స్విచ్‌ల ఫర్మ్‌వేర్‌ను పని వేళల్లో మార్చడంతో, ప్యాకింగ్ లైనులోని నియంత్రణ యంత్రాలు వాటి చిరునామాలు కోల్పోయి, ఆరు గంటలు లైను నిలిచిపోయింది. హ్యాకర్ వల్ల మేము ఎన్నడూ ఆరు గంటలు నష్టపోలేదు అని మా ప్లాంటు మేనేజర్ ఆ తర్వాత రెండేళ్ల పాటు ప్రతి సమావేశంలోనూ గుర్తుచేసేవారు. ఆ మాట వల్ల రెండేళ్లు ఏ అప్‌డేటూ జరగలేదు. కాబట్టి మొదటి ప్యాచ్ సరిగా జరగడం చాలా ముఖ్యం. వెనక్కి తిరిగే దారి, అంటే పాత ఫర్మ్‌వేర్ ఫైలు, కాన్ఫిగరేషన్ ప్రతి, చేతిలో ఉంచుకోకుండా ఏ గేట్‌వే జోలికీ వెళ్లవద్దు.

విండోస్ 7 కంప్యూటర్ విషయంలో నా సలహా, దాన్ని మార్చలేమని ముందే ఒప్పుకోవడం. ఆ వెర్షన్‌కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తోనే ముగిసింది, లేబుల్ యంత్రపు సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ మీద నడవదు, యంత్రాన్ని మార్చే బడ్జెట్ ఈ ఏడాది రాదు. అలాంటప్పుడు దాన్ని వేరే వీల్యాన్‌లో, అంటే మిగతావాటి నుంచి విడదీసిన నెట్‌వర్క్ భాగంలో పెట్టి, అది మాట్లాడవలసిన ఒక్క సర్వర్‌తో, ఒక్క పోర్టులో మాత్రమే మాట్లాడేలా ఫైర్‌వాల్ నియమం రాయండి. ఇంటర్నెట్ పూర్తిగా తీసేయండి. మా దగ్గర అలా చేసినప్పుడు తేలిందేమిటంటే, ఆ కంప్యూటర్‌కు ఎస్ఎంబీ కావలసింది రోజుకు ఒకసారి ఒక చిన్న టెక్స్ట్ ఫైలు తెచ్చుకోవడానికే. ఆ ఒక్క ఫైలు కోసం ఫైల్ సర్వర్ మొత్తంలో పాత వెర్షన్‌ను ఆన్ చేసి ఉంచారు. మధ్యలో ఒక చిన్న కంప్యూటర్ పెట్టి ఆ ఫైలును అక్కడికి చేరవేసేలా చేస్తే, సర్వర్ మీద ఎస్ఎంబీ మొదటి వెర్షన్ ఆ వారమే తీసేయగలిగాం.

జమాఖర్చు సమాధానం

నేను నెట్‌వర్క్ మనిషిని కాదు, ఆర్థిక విభాగంలో ఉంటాను. ఇలాంటి నివేదికలు నా బల్ల మీదకే వస్తాయి కాబట్టి మూడో ప్రశ్నకు సమాధానం రాస్తున్నాను.

'క్రిటికల్ లోపాలు 90' అని రాసి పంపితే మేము చదవము, చదివినా ఏం చేయాలో తెలియదు. 'ఈ గేట్‌వే ద్వారా ఎవరైనా లోపలికి వస్తే ఆర్డర్లు తీసుకునే సర్వర్ దాకా అడ్డు లేదు, ఆ సర్వర్ ఆగితే రోజుకు ఇన్ని బిల్లులు ఆగుతాయి, బ్యాకప్ నుంచి తిరిగి నిలబెట్టడానికి ఇన్ని రోజులు' అని రాస్తే, ఆ వాక్యంలోని ఖాళీలను నేనే నింపగలను. చివరి ఖాళీ మాత్రం మీరు నింపాలి. బ్యాకప్ నుంచి ఎన్ని రోజుల్లో నిలబెట్టగలరో ఎప్పుడైనా చేసి చూశారా? ఆ బ్యాకప్ ఉన్న పెట్టె అదే నెట్‌వర్క్‌లో, అదే అడ్మిన్ పాస్‌వర్డ్‌తో ఉందా? రాన్సమ్‌వేర్ ముఠాలు ముందుగా వెతికేది బ్యాకప్‌లనేనని మా ఆడిటర్లు చెప్పాక, నేను మా వాళ్లను అడిగిన మొదటి ప్రశ్న అదే. వచ్చిన సమాధానం మౌనం.

ఇంకొకటి, సైబర్ బీమా ఉంటే దాని దరఖాస్తు తీసి చదవండి. రెండో దశ ధ్రువీకరణ అన్ని చోట్లా ఉందా అన్న ప్రశ్నకు ఎవరో 'ఉంది' అని టిక్కు పెట్టి ఉంటారు. 2022లో అమెరికాలో ట్రావెలర్స్ అనే బీమా సంస్థ, ఖాతాదారు ఇచ్చిన అలాంటి సమాధానం నిజం కాదని రాన్సమ్‌వేర్ దాడి తర్వాత తేలడంతో పాలసీ రద్దు కోరుతూ కోర్టుకెక్కింది, చివరికి ఇరుపక్షాల అంగీకారంతో ఆ పాలసీ రద్దయింది. ఇప్పుడు మీ చేతిలో 212 పేజీల లిఖితపూర్వక నివేదిక ఉంది. లోపం ఉందని తెలియదని చెప్పుకునే అవకాశం మీ సంస్థకు అది అందిన రోజుతో పోయింది. ఈ ఒక్క వాక్యాన్ని మీ డైరెక్టర్ గారికి చెప్పి చూడండి.

మూడోషిఫ్ట్

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పది రోజుల్లో జరిగినది రాస్తున్నాను.

గుమ్మందీపం గారు చెప్పినట్టు కేఈవీతో సరిచూస్తే 1,400లో 31 మిగిలాయి. వాటికి సీవీఈ సంఖ్య లేనివి పన్నెండు చేర్చాను. గేట్‌వే ఫర్మ్‌వేర్ శనివారం రాత్రి మార్చి, సెషన్లన్నీ తెంచి, పాస్‌వర్డ్‌లు మార్పించాం. సోమవారం ఉదయం ఫోన్లు మోగినా, లైను ఆగలేదు.

అసలు సంగతి 3389 పోర్టు దగ్గర తేలింది. ఫైర్‌వాల్‌లో ఆ నియమం పక్కన 'తాత్కాలికం, విక్రేత కోసం' అని రాసి ఉంది. తేదీ చూస్తే నాలుగేళ్ల కిందటిది. ఆ విక్రేతతో మాకు ఇప్పుడు లావాదేవీలే లేవు. పోర్టు మూసే ముందు ఆ సర్వర్‌లో సెక్యూరిటీ లాగ్ తెరిచి, విఫలమైన లాగిన్‌లకు గుర్తయిన 4625 సంఖ్యతో వడపోశాను. దాదాపు 27,000 ఎంట్రీలు వచ్చాయి. సగటున నాలుగు సెకన్లకు ఒకటి. ప్రయత్నించిన పేర్లు చూస్తే 'అడ్మిన్', 'స్కానర్', 'రిసెప్షన్', 'బ్యాకప్', ఆ తర్వాత మా సంస్థ పేరు, ఆ తర్వాత మూడేళ్ల కిందట ఉద్యోగం మానేసిన మా సహోద్యోగి ఒకరి పేరు, మా మెయిల్ చిరునామాలో ఉండే పద్ధతిలోనే. ఆయన ఖాతాను మేము ఇంకా తీసేయలేదు.

డైరెక్టర్ గారిని పిలిచి ఆ తెర చూపించాను. ఆయన నిలబడి చూస్తుండగానే కింద కొత్త వరుసలు చేరుతున్నాయి. 'పనిగట్టుకుని దాడి చేసేదెవరు' అన్న ప్రశ్న ఆయన మళ్లీ అడగలేదు. ఇది ఎప్పటి నుంచి జరుగుతోంది అని అడిగారు. పోర్టు మూసేశాం, ఆ ఖాతాను నిలిపివేశాం, కానీ ఆయన ప్రశ్నకు సమాధానం చెప్పలేకపోయాను. లాగ్ పరిమాణం ఎన్నడూ పెంచకపోవడంతో ఆ 27,000 ఎంట్రీలతోనే అది నిండిపోయి, పాతవి చెరిగిపోతున్నాయి. మా దగ్గర ఉన్నది ముప్పై గంటల చరిత్ర మాత్రమే.

పాతకేబుల్

ఆ లాగ్ ఒక్కటే చూసి ఆగవద్దు. విఫలమైన ప్రయత్నాల వరదలో పాత విజయాలు కొట్టుకుపోయి ఉంటాయి. ఈవెంట్ వ్యూయర్‌లో టెర్మినల్ సర్వీసెస్ లోకల్ సెషన్ మేనేజర్ కింద 'ఆపరేషనల్' అనే వేరే లాగ్ ఉంటుంది. అందులో 21వ సంఖ్య ఎంట్రీ, సెషన్ విజయవంతంగా మొదలైనప్పుడు మాత్రమే పడుతుంది, వచ్చిన చిరునామా కూడా అందులో ఉంటుంది. తప్పు పాస్‌వర్డ్‌లతో అది నిండదు కాబట్టి నెలల వెనక్కి దొరికే అవకాశం ఉంది. తెరిచే ముందు దాన్ని వేరే చోట ఒక ప్రతి తీసి పెట్టుకోండి. మీ సంస్థవి కాని చిరునామాలు కనిపిస్తే సర్వర్‌ను ఆపివేయకుండా నెట్‌వర్క్ కేబుల్ మాత్రమే తీసేయండి, మెమరీలో ఉన్నది తర్వాత పరిశీలనకు అవసరమవుతుంది.

మూడోషిఫ్ట్

చూశాను. పద్నాలుగు నెలల ఎంట్రీలు ఉన్నాయి. చిరునామాలన్నీ మా లోపలివే, ఒక్కొక్కదాన్నీ ఎవరి కంప్యూటరో సరిపోల్చుకున్నాం. అంతకుముందు రెండేళ్ల పది నెలలు ఏం జరిగిందో చెప్పే కాగితం గానీ ఫైలు గానీ ఎక్కడా లేదు. డెస్క్‌టాప్ సెషన్ తెరవకుండా కూడా లోపలికి వచ్చే దారులు ఉన్నాయి కాబట్టి, ఆ సర్వర్‌ను మళ్లీ మొదటి నుంచి కట్టాలని నిర్ణయించాం. డైరెక్టర్ గారు వచ్చే శనివారం రాత్రికి అనుమతి ఇచ్చారు. రెండోప్లాంటు గారూ, మీ దగ్గర మధ్యలో పెట్టిన ఆ చిన్న కంప్యూటర్‌లో ఫైలును చేరవేయడానికి ఏ పద్ధతి వాడారో వీలైతే వివరంగా రాయగలరు. మా లేబుల్ యంత్రం కూడా కోరేది ఒక్క టెక్స్ట్ ఫైలే.